చలికాలాన్ని కనిపెట్టిన పూటకూళ్ళ ఇల్లు

స్విట్జర్లాండుకు ఆగ్నేయ మూలన, గ్రావ్‌బ్యుండెన్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తు దాకా సాగే ఎంగడీన్ అనే పొడుగాటి లోయ ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలు శీతాకాలం, మిగిలిన మూడు నెలలు ఉత్త చలి అని ఆ లోయవాళ్ళే తమ మీద తాము వేసుకునే ఛలోక్తి. పంట అంతంతమాత్రం. పశువులకు గడ్డి, పొయ్యికి కట్టె సమకూరితే ఆ ఏడు గట్టెక్కినట్టే. అందుకే అక్కడి కుర్రవాళ్ళు కడుపు చేత పట్టుకుని కొండలు దిగి పోయేవారు. వెనిస్ మొదలుకొని యూరప్ పట్టణాలెన్నిటిలోనో మిఠాయి దుకాణాలు, కాఫీ అంగళ్ళు పెట్టుకుని బతికారు. నాలుగు డబ్బులు చేతికొచ్చాక కొందరు తిరిగొచ్చి ఊళ్ళో గట్టి రాతి ఇళ్ళు కట్టుకున్నారు. లోయలో కాసిని డబ్బులు కనిపించాయంటే అవి చాలావరకు బయటి ఊళ్ళలో పిండి కలిపి, పంచదార పాకం పట్టి తెచ్చినవే.

ఆ లోయలో సెంట్ మోరిట్జ్ ఒక చిన్న పల్లె. దానికి ఉన్న ఆస్తల్లా ఒక ఊట. ఇనుము కలిసిన, బుడగలు పొంగే చల్లటి నీళ్ళు. పదహారో శతాబ్దంలోనే పారసెల్సస్ అనే వైద్యుడు ఈ నీటిని మెచ్చుకున్నాడు. ఊట వయసు అంతకంటే చాలా పెద్దది. 1907లో తవ్వినప్పుడు దాని అడుగున చెక్క దొన్నెలు, వాటిలో ఎవరో మొక్కుగా వేసిన కంచు కత్తులు బయటపడ్డాయి. ఆ చెట్లు నరికింది క్రీస్తు పూర్వం 1411 ప్రాంతంలో అని చెక్కలోని వలయాలు లెక్కపెట్టి తేల్చారు. అంటే మూడు వేల ఏళ్ళకు పైగా మనుషులు ఈ నీళ్ళకోసం కొండెక్కుతూనే ఉన్నారు. అయితే ఎక్కేది ఎండాకాలంలోనే. సెప్టెంబరు దాటితే ఊరు మూతబడేది.

మన కథలోని కుటుంబం పేరు బాడ్రుట్. వాళ్ళ స్వస్థలం కూర్ పట్టణానికి దగ్గర్లోని పగిగ్ అనే కొండపల్లె. యోహానెస్ బాడ్రుట్ అనే పెద్దాయన అక్కణ్ణించి ఎంగడీన్‌లోని సామెదాన్‌కు వలస వచ్చాడు. కట్టుబడి పని ఆయన వృత్తి. ఇళ్ళు కట్టడంతో ఆగక, బాటసారులకు బస, భోజనం ఇచ్చే వ్యాపారంలోకీ దిగాడు. 1819లో పుట్టిన కొడుక్కీ తన పేరే పెట్టాడు. ఆ చిన్న యోహానెస్సే ఈ కథకు నాయకుడు.

మేస్త్రీల ఇంట పెరిగిన పిల్లాడికి గోడలు చూస్తే చెయ్యి ఊరుకోదు. 1856లో యోహానెస్, ఆయన భార్య మరియా సెంట్ మోరిట్జ్‌లో ఫాలర్ వారి పూటకూళ్ళ ఇల్లు తీసుకుని నడపసాగారు. ఉన్నది డజను గదులు. మొదట అద్దెకు ఉండి, తరవాత కొనేశారు. ఊట కింద సరస్సు పక్కన ఉంటే ఈ ఇల్లు పైన, ఊరి శిఖరం మీద ఉంది. నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు అంత దూరం ఎక్కి రావాలంటే అక్కడ ఇంకేదో ఆకర్షణ ఉండాలి. అక్కడున్నది దృశ్యం: కింద సరస్సు, ఎదుట కొండలు. యోహానెస్ దానికే 'ఎంగడీనర్ కుల్మ్' అని పేరు పెట్టి, ఒక్కొక్క గదీ కలుపుతూ, ఒక్కొక్క అంతస్తూ లేపుతూ పోయాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. గది కట్టడానికి తెచ్చిన అప్పు పన్నెండు నెలలూ వడ్డీ తింటుంది. వడ్డీకి ఎండా లేదు, మంచూ లేదు. అతిథులు మాత్రం జూన్‌లో వచ్చి సెప్టెంబరు నడిమికల్లా పెట్టెలు సర్దుకుంటారు. తక్కిన ఎనిమిది నెలలు పరుపులు చుట్టబెట్టి, కిటికీలకు చెక్కలు కొట్టి, పైకప్పు మీద మంచు తోసుకుంటూ కూర్చోవాలి. ఎన్ని గదులు కడితే అన్ని ఖాళీ గదులు. ఆల్ప్స్‌లో బసలు నడిపే ప్రతివాడూ ఇది దైవ నిర్ణయమనుకుని సరిపెట్టుకున్నాడు. యోహానెస్ సరిపెట్టుకోలేదు.

ఆయనకు తెలిసి లండన్ దొరలకు తెలియనిది ఒకటుంది. శీతాకాలంలో బరువైన చల్లగాలి దిగువ మైదానాల్లోకి జారి, అక్కడే పొగమంచుగా పేరుకుంటుంది. జ్యూరిచ్ లాంటి ఊళ్ళు వారాల తరబడి దానికింద బూడిదరంగులో మునిగి ఉంటాయి. లండన్‌లోనైతే దానికి బొగ్గు పొగ కూడా తోడు. ఎంగడీన్ ఆ మబ్బు పొరకు పైన ఉంది. గాలి పలుచన, పొడి. పైనుంచి పడే ఎండ చాలదన్నట్టు నేల మీది మంచు దాన్ని మళ్ళీ మొహం మీదికి కొడుతుంది. నీడలో నీళ్ళు గడ్డకట్టే చలి ఉన్నా, గోడవార ఎండలో మనిషి చొక్కాతో కూర్చోగలడు. ఇది లోయలో ప్రతి పశువుల కాపరికీ తెలిసిన విషయమే. కాకపోతే దాన్ని అమ్మవచ్చని ఎవరికీ తట్టలేదు.

చెబితే మాత్రం నమ్మేదెవరు? ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళ మనసులో ఆల్ప్స్ చలికాలమంటే మంచు చరియలు, తోడేళ్ళు, దారితప్పి గడ్డకట్టిన మనుషులు.

ఇక్కడికి వచ్చేసరికి చరిత్ర కాస్త కథలా మారుతుంది. 1864 సెప్టెంబరు. వేసవి ముగిసి నలుగురు ఇంగ్లీషు అతిథులు వెళ్ళబోతూ యోహానెస్‌తో మాటల్లో పడ్డారట. వాన, పొగ నిండిన తమ ఊరి చలికాలాన్ని తలుచుకుని వాళ్ళు దిగులు పడ్డారు. ఆయన తన లోయ ఎండ గురించి చెప్పాడు. వాళ్ళు నవ్వారు. అప్పుడాయన పందెం కాశాడు. డిసెంబరులో ఒక్కసారి వచ్చి చూడండి. నేను చెప్పినట్టు ఎండ కాయకపోతే రానూపోనూ ఖర్చులు నావి. నచ్చితే మీకు విసుగు పుట్టేదాకా నా ఇంట్లో నా అతిథులుగా ఉండండి. ఆలోచిస్తే ఇది రెండు విధాలా ఆయన చేతి డబ్బు పోయే బేరం. కాకపోతే మంచుకాలంలో ఎలాగూ ఖాళీగా పడి ఉండే గదుల్లో నలుగురు పడుకుంటే కొత్తగా పోయేదేమిటన్న లెక్క కూడా అందులో ఉంది.

వాళ్ళు క్రిస్మస్ ముందు బయల్దేరారు. రైలు ఆ రోజుల్లో కూర్ దాకానే. అక్కణ్ణించి గుర్రాలు లాగే మంచుబండిలో, 2,284 మీటర్ల ఎత్తున ఉన్న యూలియర్ కనుమ మీదుగా రావాలి. చలికి జడిసి దొరికిన బొచ్చుకోట్లన్నీ ఒంటికి చుట్టుకున్నారు. కనుమ ఎక్కేసరికి నీలాకాశం, కళ్ళు చెదిరే ఎండ. బండి కుల్మ్ ముందు ఆగేసరికి లోపల నలుగురూ చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. వాళ్ళకు ఎదురొచ్చిన యోహానెస్ ఒంటిమీద కోటు కూడా లేదు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. అతిథులు ఈస్టరు దాకా ఉండి, నల్లబడ్డ మొహాలతో లండన్ వెళ్ళి ఊరంతా చాటారు.

ఈ పందెం నిజంగా జరిగిందా అని చరిత్రకారులు గుచ్చి గుచ్చి అడుగుతూనే ఉన్నారు. అతిథులు నలుగురని ఒకరు, ఆరుగురని ఇంకొకరు చెబుతారు. నాకైతే మడిచిన చొక్కా చేతులు కాస్త తరవాత అతికించిన అలంకారంలా కనిపిస్తాయి. అంత చక్కటి వివరం పనికట్టుకుని చెక్కితే తప్ప కథలోకి రాదు. కానీ ఆ ఏళ్ళలో ఆల్ప్స్ చలికాలపు తలుపు తెరుచుకున్న మాట నిజం. 1865 ఫిబ్రవరిలో పక్క లోయలోని దావోస్‌కు ఇద్దరు క్షయ రోగులు మంచుబండిలో వచ్చి, అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే డాక్టరు దగ్గర వైద్యానికి చేరారు. దావోస్ గాలి కోసం దగ్గుతూ వచ్చేవాళ్ళ ఊరైంది. సెంట్ మోరిట్జ్‌కు మాత్రం ఎక్కువగా ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు వచ్చారు. దాంతో యోహానెస్‌కు కొత్త తలనొప్పి మొదలైంది. రోగికి మంచం చాలు. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి నాలుగు నెలలు మంచులో ఎలా కాలక్షేపం చేయించాలి?

పైగా అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. కొవ్వొత్తులు, నూనె దీపాల వెలుతురులో సుదీర్ఘమైన రాత్రులు. 1878లో యోహానెస్ పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళాడు. అక్కడ ఒపెరా వీథి పొడవునా తెల్లటి వెలుగు చిమ్ముతున్న దీపాలు చూశాడు. రష్యన్ ఇంజనీరు పావెల్ యాబ్లొచ్కోవ్ రెండేళ్ళ కిందట కనిపెట్టిన 'విద్యుత్ కొవ్వొత్తులు' అవి.

ఆ దీపం తీరు చెప్పుకోదగ్గది. రెండు సన్నటి బొగ్గు కడ్డీలు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. నడుమ ఒకదాన్నొకటి తాకకుండా సున్నపు ముద్ద లాంటి పొర. పై కొసల మధ్య విద్యుత్తు దూకి మెరుపులా వెలుగుతుంది. వెలుగుతున్నకొద్దీ కడ్డీలూ, నడుమ పొరా కలిసి కిందికి కరుగుతూ వస్తాయి. కరెంటు ఒకే వైపు పారితే ఒక కడ్డీ రెండో దానికి రెట్టింపు వేగంతో అరిగిపోతుంది. అందుకని అటూ ఇటూ దిశ మార్చుకునే కరెంటే కావాలి. ఇంతా చేసి ఒక్కో కొవ్వొత్తి ఆయుష్షు గంటన్నర, రెండు గంటలు. ఒకసారి ఆరిందా, మళ్ళీ వెలగదు, తీసేసి కొత్తది పెట్టాల్సిందే. బుస్సుమని చప్పుడు కూడా చేస్తుంది.

పట్టణంలో నగరసభ ఖర్చుతో వెలిగించే ఇలాంటి వస్తువును, రైలు కూడా చేరని కొండపల్లెలో భోజనశాలలో పెట్టాలని ఎవరికైనా తోస్తుందా? యోహానెస్‌కు తోచింది. సామగ్రి కొని పంపించాడు. దాన్ని కనుమ దాటించి పైకి చేర్చారు. విద్యుత్తు పుట్టించడానికి ఆవిరి యంత్రం పెట్టాలంటే బొగ్గు మోసుకురావాలి. మోసుకురానక్కర్లేనిది కొండల్లో ఒకటే, పైనుంచి దూకే నీరు. కొండ వాగును మళ్ళించి చిన్న చక్రం తిప్పించాడు. దాని సత్తా ఏడు కిలోవాట్లు. ఈనాడు ఒక్క పెద్ద ఇంటి వాడకానికే సరిపోయేంత. కుల్మ్ భోజనశాలలో దీపాలు వెలిగాయి. 1878 క్రిస్మస్‌కే వెలిగాయని హోటల్ వాళ్ళు చెప్పుకుంటారు, 1879 జూలై అని పుస్తకాలు రాస్తాయి. ఏది లెక్కలోకి తీసుకున్నా స్విట్జర్లాండులో అదే మొదటి విద్యుద్దీపం. అప్పటికి అమెరికాలో ఎడిసన్ తన గాజు బల్బుకు తగిన పోగు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. అది ఆయనకు చిక్కింది 1879 అక్టోబరులో.

రాత్రులకు వెలుగు వచ్చింది. పగళ్ళ సంగతి అతిథులే చూసుకున్నారు. మంచు గడ్డ మీద రాతి గుండ్లు జారించే కర్లింగ్ ఆటను స్కాట్లండ్ నుంచి తెచ్చారు. 1880లో యూరప్ ప్రధాన భూభాగంలో దాని తొలి పోటీ ఇక్కడే. అయినా కుర్రకారుకు కావలసింది వేగం. ఊళ్ళో సరుకులు మోయడానికి, పిల్లలు ఆడుకోవడానికి చిన్న చెక్క స్లెడ్జిలు ఉండేవి. ఇంగ్లీషు కుర్రాళ్ళు వాటి మీద కూర్చుని ఇరుకు వీథుల్లో జారడం మొదలెట్టారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా నీళ్ళ బిందెతో ఒక అవ్వో, పాలక్యాను మోస్తున్న రైతో! తప్పించుకోవడానికి బండి తిప్పే ఉపాయాలు కనిపెట్టారు. దాంతో వేగం ఇంకా పెరిగింది, గుద్దుకోవడాలూ పెరిగాయి. ఊరివాళ్ళకు ఒళ్ళు మండింది. డబ్బిచ్చే అతిథులను ఏమీ అనలేరు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడవనూ లేరు.

అప్పటికి యోహానెస్ కొడుకులు పీటర్, కాస్పర్ చేతికి అందివచ్చారు. వాళ్ళూ మేస్త్రీ మనవలే కదా. ఊళ్ళో జారొద్దని అనే బదులు, జారడానికే వేరే దారి కడితే పోలేదా? 1884-85 చలికాలంలో మేజర్ బల్పెట్ అనే ఇంగ్లీషు అతిథి, మరికొందరు దొరలు కలిసి దారి గుర్తులు పాతారు. పీటర్ వాళ్ళకు అండగా నిలిచాడు. సెంట్ మోరిట్జ్ నుంచి చెలెరీనా వైపు, క్రెస్టా అనే వాడ దాకా లోయ వాలు వెంట మంచును పోసి, తొక్కి, గట్లు కట్టి, నీళ్ళు చల్లి, రాత్రి చలికి గడ్డకట్టనిచ్చారు. గోడ కట్టినట్టే కట్టారు, సున్నం బదులు నీళ్ళు, రాయి బదులు మంచు. అదే క్రెస్టా పరుగు. 1885 ఫిబ్రవరిలో దావోస్ జట్టును పిలిచి మొదటి పెద్ద పోటీ పెట్టారు. 1887లో సెంట్ మోరిట్జ్ టొబాగనింగ్ క్లబ్బు పుట్టింది.

మొదట్లో అందరూ పద్ధతిగా కూర్చుని, కాళ్ళు ముందుకు పెట్టి జారేవారు. 1887 పోటీలో కార్నిష్ అనే ఆయన బోర్లా పడుకుని, తల ముందు పెట్టి దిగాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆయన గెలవలేదు, దారిలో చాలా తడబడ్డాడు. అయినా ఆ భంగిమ వేగం ఎంతో అందరికీ తెలిసిపోయింది. మూడేళ్ళు తిరిగేసరికి కూర్చుని దిగేవాడు కనబడలేదు. ఇప్పటికీ అక్కడ అంతే. 1.2 కిలోమీటర్ల దారి, 157 మీటర్ల దిగువకు. గడ్డం మంచుకు బెత్తెడు ఎత్తున, గంటకు 120 కిలోమీటర్లు దాటే వేగం. ఆపడానికి బ్రేకు లేదు. బూటు బొటనవేలి దగ్గర బిగించిన ఇనుప పళ్ళను మంచులోకి గుచ్చడమే. షటిల్‌కాక్ అనే మలుపులో ఎగిరి గడ్డిలో పడ్డవాళ్ళకు పరువు పోదు, వాళ్ళ పేరున వేరే క్లబ్బే ఉంది. ఆడవాళ్ళు కూడా తొలినాళ్ళలో దిగేవారు. 1929లో వాళ్ళను నిషేధించి, తిరిగి 2018లో గాని దారి ఇవ్వలేదు. ధైర్యం గురించి అంత గొప్పలు చెప్పుకునే క్లబ్బుకు అది ఆడవాళ్ళకూ ఉందని తేలడానికి తొంభై ఏళ్ళు పట్టడం చిత్రమే.

పరుగు పిచ్చి అక్కడితో ఆగలేదు. 1888లో విల్సన్ స్మిత్ అనే అతిథి రెండు స్లెడ్జిలను ఒక పలకతో కలిపి నలుగురూ కూర్చునేలా చేశాడు. ఊరి కమ్మరి క్రిస్టియన్ మాథిస్ దానికి ఇనుముతో సరైన రూపం ఇచ్చాడు. అదే బాబ్‌స్లెడ్జి. దాని కోసం వేరే దారి 1904 నాటికి సిద్ధమైంది. ఇప్పటికీ సహజమైన మంచుతో, ఏటా కొత్తగా కట్టుకునే బాబ్ దారి ప్రపంచంలో అదొక్కటే. నవంబరులో పనివాళ్ళు పారలు పట్టుకుని మొదలెడితే మార్చి ఎండకు అంతా నీరైపోతుంది.

యోహానెస్ 1889లో కన్నుమూశాడు. కుల్మ్ పీటర్ పాలికి వచ్చింది. కాస్పర్ అప్పటికే వేరుబడి, సరస్సు వైపున్న బో రివాజ్ హోటల్ కొనుక్కున్నాడు. తండ్రి గదికి గది అతికిస్తూ పెంచితే, కాస్పర్ ఏకంగా కోట కట్టాలనుకున్నాడు. జ్యూరిచ్ వాస్తుశిల్పులు కియోడెరా, చూడిలను పిలిపించాడు. గురిపెట్టిన వేలులా పైకి లేచిన గోపురంతో పాలెస్ హోటల్ తయారైంది. చలికాలపు రాజధానిగా పేరుబడ్డ ఆ భవనం తలుపులు తీసింది మాత్రం నడివేసవిలో, 1896 జూలై 29న. అదే ఏడు ఊళ్ళో కరెంటు ట్రామూ నడిచింది. ఒకే ఊళ్ళో అన్నది ఒక హోటల్, తమ్ముడిది ఒక హోటల్. అతిథులు ఇటు విందుకు, అటు నాట్యానికి తిరిగారు. పోటీ వల్ల ఊరికి మేలే జరిగింది. 1904లో ఆల్బులా కొండల్ని తొలుచుకుని రైలు సెంట్ మోరిట్జ్ చేరింది. బొచ్చుకోట్లలో చెమటలు కక్కుతూ కనుమ దాటే అవసరం తీరిపోయింది.

ఇంత ఎదిగిన ఊరు పదేళ్ళకు ఒక్కసారిగా ఖాళీ అయింది. 1914లో యుద్ధం మొదలవగానే అతిథులు రాత్రికి రాత్రి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం దేశమంతటా కొత్త హోటళ్ళు కట్టడాన్నే ఆపేసింది. కాస్పర్ 1904లోనే పోయాడు. పాలెస్‌ను ఆయన కొడుకు హన్స్ నిలబెట్టాడు.

1928లో రెండో శీతాకాల ఒలింపిక్స్ సెంట్ మోరిట్జ్‌లో జరిగాయి. క్రెస్టా పరుగు మీద కూడా పతకాలు పంచారు. కానీ ఆటల నడుమ దక్షిణం నుంచి వెచ్చటి ఫ్యోన్ గాలి వీచింది. స్కేటింగ్ మైదానం మెత్తబడి, పది వేల మీటర్ల పందెం మధ్యలోనే ఆగిపోయింది. యాభై కిలోమీటర్ల స్కీ పందెంలో పరుగెత్తేవాళ్ళ కాళ్ళ కింద మంచు జావలా మారింది. ఎండ కాయకపోతే ఖర్చులు నావి అన్న మనిషి మనవడికి ఎండ మరీ ఎక్కువైన చిక్కు వచ్చింది!

కుల్మ్ కాలక్రమాన కుటుంబం చేయి దాటి, చివరికి గ్రీకు ఓడల యజమాని నియార్కోస్ వంశం చేతికి వెళ్ళింది. పాలెస్ మాత్రం హన్స్ తరవాత కూడా బాడ్రుట్‌ల ఇంట్లోనే తిరిగింది. ఆ కుటుంబంలో దాని చివరి యజమాని హన్స్‌యూర్గ్ బాడ్రుట్‌కు పిల్లలు లేరు. ఆయన 2016లో మరణించాడు. అంతకు చాలా ముందే తన వాటాలో అధిక భాగాన్ని, ఏళ్ళ తరబడి హోటల్ నడిపిన ఉద్యోగి పేర రాయాలని నిశ్చయించుకున్నాడు. ఆ ఉద్యోగి కూడా హోటల్ పేరు మార్చలేదు. బోర్డు మీద ఇవాళ్టికీ 'బాడ్రుట్స్ పాలెస్' అనే ఉంది.